అలల అంకె చిన్నదైనప్పుడు

రెండు రోజుల అలల సూచన పక్కపక్కన పెట్టి చూద్దాం. మంగళవారం అల ఎత్తు 0.6 మీటర్లు, అలకీ అలకీ మధ్య వ్యవధి 5 సెకన్లు. బుధవారం 0.3 మీటర్లు, 15 సెకన్లు. వారంలో ఒక్కరోజే ఖాళీ దొరికితే సర్ఫింగ్‌కి ఏ రోజు వెళ్లాలి?

మంగళవారమే అంటారు చాలామంది. ఎత్తు రెట్టింపు ఉంది కదా. నేనూ చాలాకాలం అలాగే అనుకుని వెళ్లి, నురగలో మునకలేసి ఇంటికొచ్చేవాణ్ణి. మర్నాడు వెళ్లిన స్నేహితులు ఫోన్ చేసి "ఈరోజు రాలేదేం, అలలు ఎంత బాగున్నాయో" అనేవాళ్లు. అంకె సగానికి పడిపోయింది, అలలేమో బాగుపడ్డాయి. ఇదెలా అన్న సంగతి తెలియాలంటే ఆ 0.6లో ఏమేం కలిసి ఉన్నాయో విప్పి చూడాలి.

సముద్రం చదునుగా పడి ఉండే రోజుల్ని సర్ఫర్లు ఫ్లాట్ స్పెల్ అంటారు. ఈ రోజుల్లో సూచన చదవడం మామూలు రోజులకంటే కష్టం. రెండు మీటర్ల అలలు వస్తున్నప్పుడు అంచనా 20 సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. అర మీటరు దగ్గర అదే 20 సెంటీమీటర్లు తప్పితే బోర్డు మీద లేచి నిలబడాల్సినవాడు ఒడ్డున కూర్చుని నీళ్లు చూస్తూ ఉండిపోతాడు. పెద్ద రోజున ఎత్తే అన్నిటినీ శాసిస్తుంది. చిన్న రోజున ఎత్తు వెనక్కి తగ్గి వ్యవధి, గాలి లేచే గంట, పోటు, అడుగున ఇసుక పరుచుకున్న తీరు ముందుకొస్తాయి. సూచనలో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది మాత్రం అప్పుడూ ఎత్తే. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ 0.6 ఏ అల ఎత్తు?

నిజానికి ఏ ఒక్క అలదీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలు పడవల్లోంచి తీరం మీదికి దిగాల్సి వచ్చినప్పుడు, ఒడ్డున అలలు ఎలా ఉంటాయో ముందుగా చెప్పాల్సిన అవసరం పడింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో హరాల్డ్ స్వెర్‌డ్రప్, వాల్టర్ మంక్ అనే ఇద్దరు సముద్ర శాస్త్రజ్ఞులు అందుకో పద్ధతి తయారుచేశారు. 1944 జూన్‌లో నార్మండీ తీరం మీద దిగడానికి వేసిన అలల అంచనాల వెనక ఉన్నది ఆ పద్ధతే. సముద్రం మీద అలలన్నీ ఒకే ఎత్తులో ఉండవు కాబట్టి, ఒక వరుసలో వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటి సగటును 'అల ఎత్తు' అన్నారు. అనుభవం ఉన్న నావికుడు కంటితో చూసి చెప్పే ఎత్తు దాదాపు దీనికే సరిపోతుంది. ఈ రోజుకీ సూచనల్లో కనిపించేది ఈ లెక్కే.

కాబట్టి సూచన 0.6 మీటర్లు అంటే అలలన్నిటి సగటు 0.4 లోపే ఉంటుంది. వెయ్యి అలల్లో ఒకటి మాత్రం దాదాపు రెట్టింపుకి, అంటే మీటరు పైకి లేస్తుంది. 5 సెకన్లకో అల చొప్పున వెయ్యి అలలకి గంటన్నర కూడా పట్టదు. "సూచనలో అర మీటరే ఉంది, అదేంటో ఒక పెద్ద అల వచ్చి పడేసింది" అనేవాళ్లకి జవాబు ఇదే. సూచన తప్పలేదు, ఆ అల కూడా లెక్కలోనే ఉంది.

ఇక రెండో చిక్కు. సముద్రం మీద ఒకేసారి రెండు మూడు రకాల అలలు ప్రయాణం చేస్తుంటాయి. నిన్నటి గాలికి దగ్గర్లో పుట్టిన గజిబిజి అలలు కొన్ని, వేల కిలోమీటర్ల దూరంలో తుఫాను పంపిన పొడవాటి అలలు కొన్ని. వీటి ఎత్తుల్ని మామూలుగా కూడకూడదు. వర్గం చేసి, కూడి, మళ్లీ వర్గమూలం తీయాలి. మన మంగళవారం ఉన్నవి ఇవీ: గాలి అలలు 0.5 మీటర్లు, 5 సెకన్లవి. దూరపు అలలు 0.3 మీటర్లు, 15 సెకన్లవి. 0.25కి 0.09 కలిపితే 0.34, దాని మూలం సుమారు 0.58. సూచన దాన్ని 0.6 చేసి, ఎక్కువ శక్తి ఉన్న గాలి అలల వ్యవధినే దానికి జతచేసి చూపించింది. 15 సెకన్ల అలలు మంగళవారమూ ఉన్నాయి, ఆ గజిబిజి కింద కనపడలేదంతే. రాత్రికి గాలి పడిపోయింది. బుధవారానికి గజిబిజి అణిగి, అడుగున ఉన్నది బయటపడింది.

మంచి సూచనలు అలల్ని ఇలా విడివిడిగా ఒక్కో వరుసలో చూపిస్తాయి. మొత్తం ఎత్తు చూసి ఊరుకోకుండా ఆ రెండో వరుస, మూడో వరుస చూడాలి. చదునైన వారంలో అసలు కబురు ఉండేది తరచూ అక్కడే.

సెకన్ల విలువ

వ్యవధి అంటే ఒక అల తల మన ముందునుంచి దాటాక తర్వాతి అల తల దాటడానికి పట్టే సమయం. లోతైన నీళ్లలో అల పొడవు తెలియాలంటే ఆ సెకన్లను వర్గం చేసి 1.56తో గుణిస్తే చాలు, మీటర్లలో వచ్చేస్తుంది. 5 సెకన్ల అల తల నుంచి తలకి సుమారు 39 మీటర్లు. 15 సెకన్లది 350 మీటర్లు. వ్యవధి మూడింతలైతే పొడవు తొమ్మిదింతలు.

పొడవు ఎందుకంత ముఖ్యమంటే, అల కదలిక నీటిలో తన పొడవులో సగం లోతు దాకా దిగుతుంది. 5 సెకన్ల అలకి 20 మీటర్ల లోతు వచ్చేదాకా అడుగు తగలదు. 15 సెకన్ల అలకి 175 మీటర్ల లోతులోనే తగులుతుంది. అడుగు తగిలాక అల నెమ్మదిస్తుంది, వెనక వచ్చే శక్తి ముందున్నదాని మీదికి కుదించుకుపోతుంది, ఎత్తు పెరుగుతుంది. 0.3 మీటర్ల 15 సెకన్ల అల ఒడ్డు దగ్గర విరిగే వేళకి సుమారు 0.7 మీటర్లు అవుతుంది. 0.5 మీటర్ల 5 సెకన్ల అల కూడా విరిగేది సుమారు 0.7 దగ్గరే. అంటే లోతు సముద్రంలో దాదాపు సగం ఉన్న అల, ఒడ్డుకొచ్చేసరికి సమానమైంది. పైగా ఇది నున్నగా, వరుసకట్టి, తోయగల బలంతో వస్తుంది.

అయితే ఓపిక కావాలి. దూరపు అలలు సెట్లుగా వస్తాయి. వ్యవధిలో కొద్ది తేడా ఉన్న రెండు వరుసలు ఒకదాన్నొకటి బలపరుచుకున్నప్పుడు నాలుగైదు మంచి అలలు, ఒకదాన్నొకటి చంపుకున్నప్పుడు నిశ్శబ్దం. చిన్న రోజుల్లో ఈ నిశ్శబ్దం పది నిమిషాలు, పావుగంట కూడా సాగుతుంది. కారు దిగి, ఐదు నిమిషాలు చూసి, "చెరువులా ఉంది" అని వెనక్కి తిప్పుకుపోయినవాళ్లు ఎంతమందో. కనీసం ఇరవై నిమిషాలు నిలబడి చూడాలనేది నా నియమం.

ఈ అలలు ఎంత దూరం నుంచి వస్తాయో మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. అదే మంక్ 1963లో తన బృందంతో పసిఫిక్ మహాసముద్రం పొడవునా, న్యూజిలాండ్ నుంచి సమోవా, హవాయి మీదుగా అలాస్కా దాకా కొలత కేంద్రాలు పెట్టి, అంటార్కిటికా వైపు తుఫానుల్లో పుట్టిన అలల్ని ఒక్కో కేంద్రం దగ్గరా పట్టుకుంటూ వెంబడించారు. 10,000 కిలోమీటర్లకు పైగా నడిచినా, తుఫాను చోటు దాటాక ఆ అలలు దారిలో పోగొట్టుకునే శక్తి చాలా తక్కువని తేలింది. విస్తరించి పలచబడతాయే తప్ప అలసిపోవు. ఇక్కడ ఆకు కదలని రోజున అలలు రావడానికి కారణం ఇదే. మన తీరం ప్రశాంతంగా ఉందంటే ప్రపంచమంతా ప్రశాంతంగా ఉన్నట్టు కాదు.

దూరాన్ని రోజుల్లోకి మార్చే లెక్క కూడా సులభమే. 15 సెకన్ల అలల గుంపు రోజుకి సుమారు 1,000 కిలోమీటర్లు వస్తుంది. 10 సెకన్లది సుమారు 670. తుఫాను 4,000 కిలోమీటర్ల దూరంలో లేచిందంటే, పొడవాటి అలలు నాలుగో రోజుకి, పొట్టివి ఆరో రోజుకి చేరతాయి. ఇందులో ఒక వింత ఉంది. గుంపులోని ఒక్కో అల విడిగా గుంపుకి రెట్టింపు వేగంతో పరిగెడుతుంది, ముందుకొచ్చి మాయమవుతుంది, వెనక కొత్తది పుడుతుంది. ఒడ్డున మనం ఎక్కే అల, తుఫానులో పుట్టిన అలే అనుకోవడం కవిత్వానికి బాగుంటుంది కానీ నిజం కాదు.

గాలి లేని రోజుల గాలి

చదునైన వారానికి సాధారణంగా మూలకారణం అధిక పీడనం. పై నుంచి గాలి మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. మబ్బు పట్టదు, గాలి ఉండదు, తుఫానులు ఆ ప్రాంతాన్ని చుట్టేసి పక్కదారిన పోతాయి. అధిక పీడనం కేంద్రం సరిగ్గా తీరం మీదే కూర్చుంటే అలలకి దాదాపు తలుపులు మూసినట్టే. అది కొన్ని వందల కిలోమీటర్లు పక్కకి జరిగితే కథ వేరు. దాని అంచుల్లో పీడనరేఖలు (మ్యాప్ మీద ఒకే పీడనం ఉన్న చోట్లని కలిపే గీతలు) దగ్గరపడి, రోజుల తరబడి ఒకే దిక్కున గాలి వీస్తుంది. దాంతో 6 నుంచి 8 సెకన్ల చిన్న అలలు తెగకుండా పుడుతుంటాయి. అందుకే ఈ వారాల్లో మ్యాప్ మీద తుఫాను కోసం వెతకడం మానేసి, అధిక పీడనం ఎక్కడ కూర్చుందో చూడటం మేలు.

ఇప్పుడు అసలు తిరకాసు. పెద్ద గాలులు లేని రోజునే సముద్రపు గాలి రాజ్యమేలుతుంది. ఎండకి నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్లు వేడెక్కవు. నేల మీది గాలి వేడెక్కి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. మబ్బులేని ఆకాశం, పోటీకి వేరే గాలి లేకపోవడం దానికి రెండు చేతులా సాయం చేస్తాయి. అంటే వాతావరణం ఎంత ప్రశాంతంగా ఉంటే మధ్యాహ్నం తీరంలో అంత గాలి. మామూలుగా పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఊపందుకుని, పొద్దుగూకేసరికి పడిపోతుంది. రాత్రి నేల చల్లబడ్డాక ఇదే తిరగబడి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, అయితే అంత బలంగా కాదు. తెల్లవారుజామున నీళ్లు అద్దంలా కనిపించడానికి కారణం ఆ మెత్తటి గాలే.

ఒకసారి నేను ఇక్కడే దెబ్బతిన్నాను. సూచన పట్టికలో 9 గంటలకి గాలి దాదాపు సున్నా, 12కి గంటకు 18 కిలోమీటర్లు. మధ్యలో మెల్లమెల్లగా పెరుగుతుందిలే, పదకొండు దాకా పర్వాలేదు అనుకుని 10 దాటాక నీళ్లలో దిగాను. దిగినప్పుడు అంతా బాగానే ఉంది. తీరానికి దూరంగా నీటి మీద ఒక నల్లని గీత కనిపించింది, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు. నీడేమో అనుకున్నాను. పావుగంటలో ఆ గీత మమ్మల్ని దాటిపోయింది. గీతకి అవతలంతా గరుకుగా ముడతలు పడ్డ నీళ్లు, ఇవతలంతా నునుపు. అది దాటగానే చెంపకి చల్లగా గాలి తగిలింది, అంతవరకూ నిటారుగా లేస్తున్న అలలు ముందుగానే కూలిపోవడం మొదలుపెట్టాయి. సముద్రపు గాలి మెల్లగా పెరగదు, గుమ్మంలోంచి మనిషి వచ్చినట్టు వస్తుంది. మూడేసి గంటలకో గడి ఉండే పట్టికలో ఆ రాక ఏ గడిలోనూ కనిపించదు.

కంప్యూటర్ నమూనాలకీ ఇది కష్టమే. అవి భూమిని గళ్లుగా విడదీసి ఒక్కో గడికి ఒక్కో లెక్క వేస్తాయి. ప్రపంచమంతటికీ వేసే నమూనాల్లో పేరున్న రెండింట్లో, యూరప్ వాతావరణ కేంద్రానిది సుమారు 9 కిలోమీటర్ల గడి, అమెరికాది సుమారు 13. తీరం దగ్గర ఒక గడిలో సగం నేల, సగం నీళ్లు పడతాయి. ఆ గడికి సగటు వేడి కట్టి గాలి చెప్పమంటే అది పాపం ఏం చెబుతుంది? ఈ నమూనాలు సముద్రపు గాలిని తక్కువ చేసి, ఆలస్యంగా చూపించడం నేను తరచూ గమనించాను. దాన్ని సరిచేసుకోవడానికి నేను చూసేవి రెండే. ఒకటి మబ్బు: పొద్దున్నే ఆకాశం మూసుకుని ఉంటే నేల వేడెక్కదు, గాలి ఆలస్యం. రెండు, ఉదయం నేల మీంచి వీస్తున్న గాలి: గంటకు 10, 15 కిలోమీటర్లు ఉంటే అది సముద్రపు గాలిని మధ్యాహ్నం దాకా గుమ్మంలోనే ఆపుతుంది. ఈ రెండూ లేని రోజున అలారం ఐదింటికి పెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

నేల మీంచి వచ్చే గాలి అన్నివేళలా మంచిదని కూడా అనుకోవద్దు. పెద్ద అలకి అది ముఖాన్ని నిలబెడుతుంది. మోకాలి ఎత్తు అలకి అదే గాలి కాస్త గట్టిగా వీస్తే, బోర్డుని వెనక్కి నెట్టి అలని అందుకోనివ్వదు.

నడుం లోతు లెక్క

అల తన ఎత్తుకి సుమారు 1.3 రెట్ల లోతు దగ్గర విరుగుతుంది. రాతి మీద, పగడపు దిబ్బ మీద ఆ లోతు ఎక్కడుందో ఎప్పటికీ తెలిసిందే. ఇసుక అడుగున్న తీరంలో, అంటే బీచ్ బ్రేక్‌లో, అల విరిగేది ఇసుక తిన్నె మీద. ఒక తిన్నెని ఊహించుకుని లెక్క వేద్దాం. పూర్తి ఆటులో తిన్నె మీద అర మీటరు నీళ్లు, పూర్తి పోటులో రెండు మీటర్లు. తేడా ఒకటిన్నర. వస్తున్న అల విరిగే ఎత్తు 0.8, అంటే దానికి ఒక మీటరు లోతు కావాలి.

నావికులు వాడే పన్నెండో వంతుల లెక్క ప్రకారం, ఆటు నుంచి పోటుకి పట్టే ఆరు గంటల్లో నీళ్లు మొదటి గంట పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఆ తర్వాత రెండు, ఒకటి చొప్పున పెరుగుతాయి. మన తిన్నె మీద రెండు గంటలయ్యేసరికి లోతు 0.9 దగ్గరికి వస్తుంది. మూడో గంట పూర్తయ్యేసరికి 1.25. అంటే మీటరు లోతు ఉండేది ఆటు తర్వాత సుమారు రెండుంబావు గంటలకి. దానికి కాస్త ముందు అల తిన్నె మీద చక్కగా లేచి విరుగుతుంది. పూర్తి ఆటులో అయితే తిన్నె అవతలి అంచు మీదే ఒక్కసారిగా కుప్పకూలుతుంది. మూడు గంటలు దాటాక తిన్నె మీంచి ఉబ్బుగా జారిపోయి, ఒడ్డున కాళ్ల దగ్గర పడుతుంది. అదే రోజు, అదే సూచన, అవే అలలు. గంట తేడాలో ఒకడు "అదిరింది" అంటాడు, ఒకడు "అలలే లేవు" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అలలు రెండు మీటర్లున్న రోజున ఇంత లెక్క అక్కర్లేదు, అవి ఎక్కడో ఒక తిన్నె మీద విరుగుతూనే ఉంటాయి. చిన్న అలలకి ఎంచుకునే తాహతు లేదు.

ఆటుపోట్లు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. ఈరోజు ఆరింటికి ఉన్న ఆటు వారానికి మధ్యాహ్నానికి చేరుతుంది. గాలిని చూస్తే ఉదయమే కావాలి, పోటుని చూస్తే గంట రోజూ మారుతుంది. ఈ రెండూ కలిసే రోజులు పక్షానికి మూడో నాలుగో. అమావాస్య, పౌర్ణములు దాటిన ఒకటి రెండు రోజులకి తేడా ఎక్కువ, మంచి లోతు గబగబా వచ్చి గబగబా పోతుంది. అష్టమి దాటిన రోజుల్లో తేడా తక్కువ. అప్పుడు తిన్నె సరైన లోతులో ఉందా, మూడు గంటలు హాయిగా ఆడుకోవచ్చు. లేదా, ఆ రోజంతా అంతే.

ఇసుక చేసే పని

తుఫాను అలలు ఒడ్డు ఇసుకని లాక్కుపోయి లోపల తిన్నెగా పోస్తాయి. ఈ పని గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ప్రశాంతమైన చిన్న అలలు ఆ ఇసుకనే చిటికెడు చిటికెడు చొప్పున వెనక్కి తెస్తాయి, దానికి వారాలు, నెలలు పడుతుంది. ఆస్ట్రేలియా తీరాల మీద పనిచేసిన రైట్, షార్ట్ అనే ఇద్దరు 1984లో ఇసుక తీరాలకి ఆరు దశలు చెప్పారు. ఒక చివర అలల శక్తిని దూరంలోనే మింగేసే వెడల్పాటి చదును తీరం. ఇంకో చివర తిన్నెలే లేకుండా ఒడ్డునే ఏటవాలుగా నిలబడ్డ తీరం. మధ్యలో నాలుగు. సర్ఫర్‌కి పండగ ఆ మధ్య దశల్లోనే. తిన్నెలు ముక్కలై, వాటి మధ్య లోతు కాలువలుండి, అల ఒక మూల నుంచి విరుగుతూ పక్కకి సాగే దశ.

ప్రశాంత కాలం తీరాన్ని మెల్లగా ఆ ఏటవాలు చివరికి నెడుతుంది. మొదటి వారం రెండు వారాలు మంచివే, తిన్నెలు దగ్గరకొచ్చి చక్కగా ఒదుగుతాయి. ఇంకా సాగితే కాలువలు పూడిపోతాయి, తిన్నె ఒడ్డుకి అతుక్కుపోయి ఒక మెట్టులా తయారవుతుంది. అప్పుడు వచ్చిన అల ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడ కూలినట్టు ఒకేసారి పడుతుంది. దీన్నే క్లోజవుట్ అంటారు.

ఇప్పుడు మన బుధవారం దగ్గరికి మళ్లీ రావాలి, ఎందుకంటే అది గెలుస్తుందని నేను గ్యారంటీ ఇవ్వలేను. పొడవాటి అలలకి అడుగు దూరంలోనే తగులుతుంది కాబట్టి అవి ముందే వంగి, తీరానికి సమాంతరంగా తిరిగిపోతాయి. కాలువలున్న తీరంలో ఇది వరం. కాలువలు పూడిపోయిన తీరంలో 15 సెకన్ల అల అందంగా, పొడుగ్గా వచ్చి, అందంగా, పొడుగ్గా కూలిపోతుంది. ఎక్కడానికి మూల ఉండదు. అలాంటి తీరంలో రెండు దిక్కుల నుంచి వచ్చే పొట్టి అలలు ఒకదాన్నొకటి కోసుకుని అక్కడక్కడా గోపురాల్లా లేస్తే, అవే నయం. బుధవారాన్ని ఎంచుకోవాలా వద్దా అనేది సూచనలో లేదు, ఇసుకలో ఉంది.

ఆ ఇసుకని చూడటానికి అలలు లేని రోజే మంచిది. పూర్తి ఆటు వేళ కాస్త ఎత్తు మీద నిలబడితే తిన్నెలు లేతరంగులో, కాలువలు ముదురు రంగులో కనిపిస్తాయి. ఒడ్డున కనిపించే ఏదో ఒక గుర్తుతో పోల్చుకుని ఒక ఫొటో తీసి పెట్టుకుంటే సరిపోతుంది. తుఫాను లేనంతకాలం ఇసుక తొందరగా మారదు కాబట్టి సోమవారం చూసింది శనివారానికీ పనికొస్తుంది. ఈ వారాల్లో అన్నిటికంటే నమ్మదగిన సమాచారం ఇదే, అది ఏ తెర మీదా దొరకదు.

ఆ ముదురు రంగు కాలువల్లోంచే నీళ్లు సముద్రం లోపలికి లాగుతాయి. అలలు చిన్నవని పిల్లల్ని వదిలేసే రోజుల్లోనూ, ఆటు వేళ ఈ లాగుడు ఉంటుంది. ఏటవాలుగా మారిన ఒడ్డున మోకాలి లోతులో పడే అల చిన్నదే అయినా తలకిందులుగా పడేస్తే మెడకి దెబ్బ. ఉక్కపోత మధ్యాహ్నాల్లో ఉరుము వినపడితే వెంటనే బయటికి రావాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

ఎన్ని రోజుల ముందు నమ్మొచ్చు?

సూచనలో పదో రోజున పెద్ద అలలు చూపిస్తున్నాయంటే, చాలాసార్లు ఆ అలల్ని పుట్టించాల్సిన తుఫానే ఇంకా పుట్టలేదని అర్థం. చదునైన వారంలో అందరూ ఆ పదో రోజుని పట్టుకుని టెన్షన్ పడుతుంటారు, అది రోజూ ఒకరోజు వెనక్కి జరుగుతూ ఉంటుంది. తుఫాను నిజంగా లేచి, అలలు నీళ్లలోకి దిగాక లెక్క గట్టిపడుతుంది. అప్పుడు నాలుగైదు రోజుల ముందే వ్యవధినీ, రాకనీ కొన్ని గంటల తేడాతో చెప్పొచ్చు. తీరపు గాలి గంట మాత్రం ముందురోజు సాయంత్రానికి గానీ తేలదు. ఆటుపోట్లు ఏడాది ముందే తెలుసు. ఒకే పట్టికలో పక్కపక్కన ఉన్నా ఈ మూడు అంకెల మీద మన నమ్మకం ఒకేలా ఉండకూడదు.

ప్రశాంతం ముగుస్తున్న సంగతి మొదట తెలిసేది ఎత్తులో కాదు. సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే బోయ్‌ల లెక్కల్లో, మొత్తం ఎత్తు 0.4 దగ్గర కదలకుండా ఉండగానే, ఏదో ఒక వరుసలో 18 సెకన్ల దగ్గర 0.1 మీటరు కనిపిస్తుంది. పొడవాటి అలలే ముందు చేరతాయి కాబట్టి ఇవి ముందు నడిచే భటులు. తర్వాతి రోజుల్లో అది 17, 16, 15కి దిగుతూ, ఎత్తు పెరుగుతూ వస్తుంది. ఎంత నెమ్మదిగా దిగితే తుఫాను అంత దూరంలో పుట్టినట్టు.

ఆ మొదటి రోజు ఒడ్డున చూసేవాళ్లకి అలలేమీ కనిపించవు. ఆరిన ఇసుక మీద తడి గీతని చూస్తే మాత్రం తెలుస్తుంది. అంతవరకూ ఒకేచోట ఊగుతున్న నీటి అంచు, ఉన్నట్టుండి ఒకసారి మెల్లగా పైకి పాకి, చెప్పులు విడిచిన చోటుదాకా వచ్చి, చాలాసేపు ఆగి వెనక్కి పోతుంది. మళ్లీ పది నిమిషాలు ఏమీ ఉండదు.